50 మందికి గంటకి 150 క్యూబిక్ మీటర్ల గాలేనా? షెల్టర్ డిజైన్ తెలిసినవాళ్లు చెప్పండి

డక్ట్_కుర్రాడు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒక డిజైన్ ఆఫీసులో హెచ్‌వీఏసీ (భవనాలకి ఏసీ, గాలి ఏర్పాట్లు) చేస్తాను. నాలుగేళ్ల అనుభవం. ఇన్నాళ్లూ ఆఫీసులు, హోటళ్లు, ఒక ఆసుపత్రి చేశాను. ఇప్పుడు మా యూరప్ టీమ్ నుంచి స్విట్జర్లాండ్‌లోని ఒక అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ వచ్చింది. అందులో 50 మందికి సివిల్ డిఫెన్స్ షెల్టర్ (యుద్ధం వస్తే జనం దాక్కునే గది) ఉంది. కొత్తగా డిజైన్ చేసేదేమీ లేదు, ఉన్న డ్రాయింగ్ చెక్ చేసి మోడల్‌లో పెట్టాలి, అంతే.

డ్రాయింగ్‌లో ‘వీఏ 150’ అని గాలి లాగే మెషీన్ ఒకే ఒక్కటి ఉంది. మామూలప్పుడు గంటకి 300 క్యూబిక్ మీటర్లు, గ్యాస్ ఫిల్టర్ తగిలించినప్పుడు 150. అంటే మనిషికి 3. మనం ఆఫీసుకి ఆష్రే (అమెరికా ఏసీ ఇంజనీర్ల సంఘం) లెక్కన ఇచ్చేది 30 దాకా ఉంటుంది. ఎక్కడో ఒక సున్నా ఎగిరిపోయిందనుకుని అడిగాను. "అదంతే, ముట్టుకోకు" అన్నారు. ఏసీ లేదు. హీటర్ లేదు. డక్ట్ అనదగ్గది కూడా లేదు. కరెంటు పోతే చేత్తో తిప్పడానికి పిడి మాత్రం ఉంది!

అసలు టెన్షన్ వేరే ఉంది. గల్ఫ్‌లో ఒక విల్లా కింద 20 మందికి షెల్టర్ కడుతున్నారు. దానికి ఇదే స్విస్ లెక్కల షీట్‌లో అంకెలు మార్చి పంపేయమంటున్నాడు మా బాస్. "స్విస్ వాళ్లకంటే మనకి ఎక్కువ తెలుసా?" అని అడుగుతున్నాడు. నాకు మనసొప్పడం లేదు. అలాగని ఎందుకు తప్పో కూడా చెప్పలేకపోతున్నాను. సోమవారం మీటింగ్. ఎవరైనా ఆదుకోండి.

చిల్లర్_రాజు:

బ్రో, సింపుల్. నాలుగు ఆక్సిజన్ సిలిండర్లు పెట్టు, రెండు టన్నుల స్ప్లిట్ ఏసీ పెట్టు, ఫైల్ క్లోజ్ చెయ్. బంకర్‌లో ఎవరైనా వారం రోజులు కూర్చుంటారా?

బాయి_తాత:

కూర్చుంటారు రాజు గారూ. మీ సిలిండర్ల సంగతి ముందు తేల్చేద్దాం.

నేను గోదావరి ఒడ్డు బొగ్గు బాయిల్లో 26 ఏళ్లు పనిచేశాను. అందులో చివరి పదకొండేళ్లు వెంటిలేషన్ ఆఫీసర్‌ని. రిటైరయ్యాక ఖాళీగా ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మూసిన గదిలో మనిషిని ముందు పడగొట్టేది ఆక్సిజన్ తగ్గడం కాదు, తను వదిలిన కార్బన్ డయాక్సైడే. ఊరికే కూర్చున్న మనిషి గంటకి దాదాపు 20 లీటర్లు వదులుతాడు. స్విస్ లెక్కలో మనిషికి ఒక చదరపు మీటరు నేల, రెండున్నర క్యూబిక్ మీటర్ల గది. గాలి మొత్తం ఆపేస్తే ఆ గదిలో రెండున్నర గంటలకి కార్బన్ డయాక్సైడ్ 2 శాతానికి చేరుతుంది. తల పోటు, ఎగశ్వాస మొదలవుతాయి. అప్పటికి ఆక్సిజన్ ఇంకా 18 శాతం పైనే ఉంటుంది. ఇప్పుడు సిలిండర్ మూత తిప్పితే ఆ 2 శాతం ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. పైగా నిప్పు రవ్వ భయం అదనం.

ఇక బాబూ, నీ 3 సంగతి. 20 లీటర్లంటే 0.02 క్యూబిక్ మీటర్లు. దాన్ని 3తో భాగించు, 0.67 శాతం వస్తుంది. బయటి గాలిలో ముందే ఉన్న 0.04 కలిపితే 0.7. తాజా గాలి 6 ఇస్తే 0.37. మీ ఆఫీసు 30 ఇస్తే 0.11. మన దేశంలో బొగ్గు బాయి రూలు 0.5 దాటకూడదని. అంటే 6 దగ్గర మా రూలుకి లోపలే ఉన్నావు, 3 దగ్గర కొంచెం దాటావు. గది కంపుకొడుతుంది, మగతగా ఉంటుంది, చిరాకుతో పక్కవాళ్లతో గొడవలవుతాయి. ప్రాణాలకి ముప్పు లేదు. ఆఫీసులో 30 ఇచ్చేది ప్రాణం నిలపడానికి కాదు కదా, పక్క సీటువాడి చెమట వాసన తగలకుండా ఉండటానికి.

కాబట్టి సున్నా ఏమీ ఎగరలేదు. మా బాయి రూలు చూస్తే నీకింకా విడ్డూరంగా ఉంటుంది. మనిషికి నిమిషానికి 6 క్యూబిక్ మీటర్లు, గంటకి 360. నీ షెల్టర్‌కి 120 రెట్లు! కానీ అది ఒక్క ఊపిరి కోసం కాదు. మీథేన్‌ని పలచన చేయాలి, దుమ్ము ఊడ్చాలి, వేడి మోసుకుపోవాలి. ఆ మూడో పనిని గుర్తుపెట్టుకో, నీ గల్ఫ్ విల్లా దగ్గర దానితోనే పని పడుతుంది.

ఇంత తక్కువ ఎందుకు పెట్టారంటే, ఆ అంకె వెనక మనిషి చెయ్యి ఉంది. గంటకి 150 అంటే సెకనుకి 42 లీటర్లు. గ్యాస్ ఫిల్టర్, ముందు ఫిల్టర్, పేలుడు వాల్వు (పేలుడు దెబ్బ లోపలికి రాకుండా మూసుకునేది), గొట్టం, అన్నీ కలిసి వెయ్యి పాస్కల్ నిరోధం అనుకో. 42 వాట్లు. ఫ్యాన్‌లో సగం వృథా అనుకుంటే 85. కరెంటు పోయినప్పుడు పిడి తిప్పే మనిషి అరగంటపాటు ఆగకుండా ఇవ్వగలిగేది 50 నుంచి 75 వాట్లే. అందుకే ఇద్దరు కలిసి తిప్పాలి, వంతులు మారాలి. అదే ఫిల్టర్‌లోంచి 300 లాగాలంటే గాలి రెండింతలు, నిరోధం కూడా కనీసం రెండింతలు. కష్టం నాలుగింతలు. 330 వాట్లు చేత్తో ఎవరు తిప్పుతారు? గ్యాస్ ఫిల్టర్‌లో ఉండే బొగ్గుకి కూడా గాలి నెమ్మదిగా పోతేనే విషాన్ని పట్టుకునే టైం దొరుకుతుంది. అందుకే బయట విషవాయువు ఉన్నప్పుడు 3, లేనప్పుడు ఫిల్టర్ పక్కకి పెట్టి 6.

ఈ మెషీన్ నేను కళ్లారా చూశాను. మా పెద్దోడు జూరిక్ దగ్గర ఉంటాడు. మొదటిసారి వెళ్లినప్పుడు కోడలు "మామయ్యా, కింద సెల్లార్‌లోంచి ఆవకాయ సీసా తెద్దాం రండి" అని తీసుకెళ్లింది. సెల్లార్ తలుపు చూసి నేను అక్కడే ఆగిపోయాను. జానెడు మందం కాంక్రీటు తలుపు, చుట్టూ రబ్బరు పట్టీ, రెండు పెద్ద పిడులు. లోపల చెక్క పట్టీలతో గూళ్లు కట్టి ఒక్కో ఇంటికి ఒకటి ఇచ్చారు. స్కీ కర్రలు, వైన్ సీసాలు, పాత సైకిలు, మా ఆవకాయ. గోడకి ఆ వెంటిలేటర్. పక్కనే డ్రమ్ములా గ్యాస్ ఫిల్టర్, రెండు వైపులా మూతలకి సీలు వేసి ఉంది. మామూలు రోజుల్లో దాన్ని తగిలించరు. తగిలిస్తే తేమ పట్టి బొగ్గు చచ్చిపోతుంది. నేను పిడి పట్టుకుని నాలుగు చుట్లు తిప్పాను. కోడలు "మామయ్యా, ఎవరైనా చూస్తారు" అని భయపడింది. బరువు బాగానే ఉంది, మా పాత గేదెల కొట్టంలో చాఫ్ కట్టర్ తిప్పినట్టు.

1963లో చట్టం చేసినప్పటి నుంచి ఆ దేశంలో ఇల్లు కట్టేవాళ్లు ఇలాంటివి కడుతూ వచ్చారు. జనాభా కంటే చోట్లే కాస్త ఎక్కువ. లూసెర్న్‌లో సోన్నెన్‌బెర్గ్ అని రోడ్డు సొరంగాన్నే 20 వేల మందికి షెల్టర్‌గా చేశారు, 1976లో తెరిచారు. ఒక్కో తలుపు 350 టన్నులు. 1987లో డ్రిల్ పెట్టి చూస్తే ఒక తలుపు సరిగ్గా మూసుకోలేదు! తర్వాత దాన్ని 2 వేల మందికి కుదించేశారు. తలుపు మూసుకోకపోతే లోపల పాజిటివ్ ప్రెషర్, అంటే బయటికంటే కాస్త ఎక్కువ ఒత్తిడి, నిలవదు. అది నిలవకపోతే నువ్వు పెట్టిన ఫిల్టర్లు ఎందుకూ పనికిరావు.

ప్రెషర్ అంటే భారీగా ఏమీ కాదు, కొన్ని పదుల పాస్కల్ చాలు. 50 పాస్కల్ అంటే 5 మిల్లీమీటర్ల నీళ్ల ఎత్తు. సందుల్లోంచి గాలి బయటికే పోవాలి, లోపలికి రాకూడదు, అంతే దాని పని. ఆ బయటికి పోయే గాలిని కూడా ఊరికే వదలకుండా పనిచేయించుకో. జనం ఉన్న గదిలోంచి మరుగుదొడ్డి మీదుగా, ఎయిర్‌లాక్ (రెండు తలుపుల మధ్య చిన్న గది) మీదుగా, ఒత్తిడి ఎక్కువైతే తెరుచుకునే ఓవర్‌ప్రెషర్ వాల్వులోంచి బయటికి. మా బాయిలో గాలి వచ్చే దారి ఇన్‌టేక్, పోయే దారి రిటర్న్ అన్నట్టే. నీ డ్రాయింగ్‌లో వాల్వు ఎక్కడుందో, మరుగుదొడ్డి ఎక్కడుందో చూడు. మరుగుదొడ్డి గాలి వచ్చే వైపు ఉంటే అప్పుడు అడుగు తప్పని.

రమ_ఇజ్రాయెల్:

నేను ఇంజనీర్‌ని కాదు అన్నా, పెద్దవాళ్లని చూసుకునే కేర్‌గివర్‌ని. మాది కోనసీమ. ఇక్కడికొచ్చి ఆరేళ్లయింది. ఇలాంటి గదిలో నిజంగా ఉన్నదాన్ని కాబట్టి రాస్తున్నా.

ఇక్కడ ఇజ్రాయెల్‌లో కొత్త ఫ్లాట్లలో మమాద్ అని, దాడులప్పుడు దాక్కోడానికి ఒక గది కాంక్రీటుతో కడతారు. 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత వచ్చిన రూలు అని చెబుతారు. మా ఇంట్లో అది 9 చదరపు మీటర్లు, మామూలు రోజుల్లో నా పడకగదే. కిటికీకి ఇనప పలక జరుపుకోవాలి. గోడలో గుండ్రటి ఇనప మూతలు రెండు ఉన్నాయి. గాలి మెషీన్ ఒక పెట్టెలో ఉంది గానీ దాని మీద ఇస్త్రీ బట్టలే ఉండేవి.

2025 జూన్‌లో ఇరాన్ క్షిపణులు వచ్చినప్పుడు రాత్రి మూడు సార్లు సైరన్. నేనూ, నేను చూసుకునే పెద్దామే, ఎదురింటి నలుగురు, వాళ్ల ఫ్లాట్ పాతది కాబట్టి మా దగ్గరికే వచ్చేవాళ్లు. ఆరుగురం. పావుగంటకే గోడ తడిగా తగిలింది. మా పెద్దామెకి ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (ఊపిరికి ఆక్సిజన్ అందించే మెషీన్) ఉంది. దాని వెనక గాడ్పులా వేడి గాలి కొడుతుంది. ఆ మెషీన్ పక్కన నేనే కూర్చునేదాన్ని, ఇంకెవరూ కూర్చోరు కదా. ఏసీ నడిచింది కాబట్టి సరిపోయింది. ఒక రాత్రి కరెంటు ఇరవై నిమిషాలు పోయింది. అప్పుడు బాధ ఊపిరాడక కాదు అన్నా, ఉక్కపోత వల్లే. ఎదురింటాయన తలుపు తీసేస్తానని లేచాడు. సైరన్ ఇంకా మోగుతోంది. వాళ్లావిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

మీరు డిజైన్ చేసేటప్పుడు అది గుర్తుపెట్టుకోండి. జనం ఉక్క తట్టుకోలేక తలుపు తీస్తారు.

బాయి_తాత:

అమ్మా రమా, నేను రెండు పేజీల్లో చెప్పాలనుకున్నది నువ్వు ఒక్క ముక్కలో చెప్పావు. జాగ్రత్తగా ఉండు తల్లీ.

ఆ కాన్సంట్రేటర్ మీద ఒక మాట. అది ఆక్సిజన్‌ని తయారుచేయదు, ఆ గది గాలిలో ఉన్నదాన్నే వడకట్టి ఇస్తుంది. ఇంట్లో వాడే ఐదు లీటర్ల రకం 300 వాట్ల పైనే తింటుంది, అదంతా వేడిగా గదిలోకే వస్తుంది. అంటే ముగ్గురు మనుషులు అదనంగా కూర్చున్నట్టు. మీ ఆరుగురు కాదు, వేడి లెక్కలో తొమ్మిది మంది. డిజైన్ చేసేవాడు తలలే లెక్కపెడితే ఇది కనిపించదు.

డక్ట్_కుర్రాడు:

తాతగారూ, 3 సంగతి అర్థమైంది, థాంక్స్. మరుగుదొడ్డి చూశాను, వాల్వు పక్కనే ఉంది. రమ అక్కా, మీరు రాసింది మా టీమ్‌లో అందరికీ చదివి వినిపించాను.

గల్ఫ్ సంగతి చెప్పండి. స్విస్ షెల్టర్‌లో ఏసీ లేకుండా ఎలా నడుస్తుంది, అక్కడ ఎందుకు నడవదు? అంకెలతో చెబితే బాస్ వింటాడు.

బాయి_తాత:

అంకెలే ఇస్తాను. ముందు ఒక రాత్రి సంగతి.

మేం పనిచేసిన ఒక బాయిలో నైట్ షిఫ్ట్ మధ్యలో మెయిన్ ఫ్యాన్ ఆగింది. ఫ్యాన్ ఆగితే మనుషుల్ని వెనక్కి తీసుకురావాలి, అది రూలు. నేను దూరంగా డిప్ వైపు, అంటే బొగ్గు పొర కిందికి వాలే లోతు వైపు ఉన్నాను. మా గోదావరి లోయలో లోతుకి పోయేకొద్దీ బండే వేడిగా ఉంటుంది. వర్లింగ్ హైగ్రోమీటర్ అని రెండు థర్మామీటర్లున్న గిలకలాంటిది ఒకటి చేతిలో ఉండేది, ఒకదాని బల్బుకి తడి గుడ్డ. గిరగిరా తిప్పి చూడాలి. ఫ్యాన్ నడిచేటప్పుడు తడి బల్బు 29 డిగ్రీలు. నడిచి పైకొస్తూ మళ్లీ తిప్పితే 32. గాలిలో మీథేన్ పెరగలేదు, ఊపిరి బాగానే ఆడుతోంది. కానీ చెమట ఆరడం లేదు. ఒంటి మీద నూనె పూసినట్టు జారుతోంది. నా ముందు నడుస్తున్న పాతికేళ్ల కుర్రాడు, బస్తా సిమెంటు అవలీలగా మోసేవాడు, కూర్చుని "సార్, ఒక్క నిమిషం" అన్నాడు. వాడి కళ్లలో ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. మన రూల్లో తడి బల్బు 33.5 దాటితే అక్కడ పనిచేయించకూడదు. 30.5 దాటితే గాలి సెకనుకి కనీసం ఒక మీటరు వేగంతో కదలాలి. షెల్టర్‌లో గాలి కదలదు. కాబట్టి 30 దగ్గరే ఆపాలి నువ్వు.

ఇప్పుడు లెక్క. కూర్చున్న మనిషి వేడి 110 వాట్లు అనుకుందాం. గంటకి 3 క్యూబిక్ మీటర్ల గాలి, పొడి వేడి అయితే డిగ్రీకి 1 వాట్ మాత్రమే మోస్తుంది. పది డిగ్రీల తేడా ఉన్నా 10 వాట్లు! తేమ రూపంలో మోసేదే ఎక్కువ. స్విస్‌లో బయట 10 డిగ్రీల గాలి లోపలికొచ్చి, 25 దగ్గర తేమ నింపుకుని పోతే దాదాపు 50 వాట్లు మోసుకెళ్తుంది. మిగతా 60 ఎవరు మోస్తారు? గోడ. స్విస్ వాళ్ల ఏసీ గోడే.

నీ 50 మంది గది 10 మీటర్లు, 5 మీటర్లు, ఎత్తు రెండున్నర అనుకుంటే గోడలు, నేల, కప్పు కలిపి 175 చదరపు మీటర్లు. మనిషికి మూడున్నర. 60 వాట్లని దాని మీద పరిస్తే చదరపు మీటరుకి 17 వాట్లు. మందంగా కాంక్రీటు, దాని వెనక మట్టి ఉన్న గోడ ఉపరితలం ఒక రోజులో 3 డిగ్రీలు పెరుగుతుంది. ఇది కాలంతో సమానంగా పెరగదు, కాలానికి వర్గమూలంలా పెరుగుతుంది. నాలుగు రోజులకి రెండింతలు. వారానికి 8, రెండు వారాలకి 11 డిగ్రీలు. మా వాడి సెల్లార్‌లో ఆగస్టులో కూడా 16 ఉంది. గోడ 16 దగ్గర మొదలై వారానికి 24, గాలి దానికంటే రెండు డిగ్రీలు ఎక్కువ, 26. రెండు వారాలకి 29. ఉక్కగా ఉంటుంది, బతుకుతారు. అదీ ఒక్కసారి కూడా ఫిల్టర్ తీయకుండా 3 మీదే నడిపితే.

ఇదే షీట్ గల్ఫ్‌లో పెట్టు. మట్టే 30 దగ్గర ఉంటుంది. బయటి గాలి 35 డిగ్రీలు, 60 శాతం తేమ అనుకో, తీరం పక్కన వేసవి రాత్రి అలాగే ఉంటుంది. ఆ గాలి లోపలికొచ్చి 33 దగ్గర తేమ నిండి బయటికి పోతే మోసేది 27 వాట్లే. పావు వంతు. మిగతా 83 గోడ మీద. 20 మంది గది చిన్నది కాబట్టి మనిషికి నాలుగుంపావు చదరపు మీటర్లు వస్తాయి, చదరపు మీటరుకి 20 వాట్లు. గోడ, గాలి మధ్య తేడా కలుపుకుంటే ఆరు గంటలకే గది 34 దగ్గరికి వస్తుంది. తేమ నిండి ఉంటుంది కాబట్టి తడి బల్బు కూడా అక్కడే. సాయంత్రం తలుపు మూస్తే తెల్లారేసరికి మా బాయి రూలు దాటేశావు. రమ చెప్పినట్టు ఎవరో ఒకరు లేచి తలుపు తీస్తారు.

గాలి పెంచితే? ఆ గాలే వేడి, తడి. ఎంత పెంచినా దాని కిందికి రాదు. పైగా ఫిల్టర్ ఒప్పుకోదు.

అందుకని ఏసీ కావాలి, కానీ మామూలు ఏసీలా కాదు. 20 మంది, తాజా గాలి, లైట్లు, ఫ్యాన్ కలిపి గదిని 27 దగ్గర ఉంచాలంటే నాకు 3.4 కిలోవాట్లు వచ్చింది. ఒక టన్ను, అంతే. రాజు గారు చెప్పిన రెండు అక్కర్లేదు. చిక్కంతా ఎక్కడంటే, అవుట్‌డోర్ యూనిట్ ఎక్కడ పెడతావు? గోడలూ వాల్వులూ తట్టుకునేది ఒక బార్ పేలుడు ఒత్తిడి, అంటే చదరపు మీటరుకి పది టన్నులు. దాని ముందు రేకు డబ్బాలాంటి కండెన్సర్ ఏమవుతుంది? మొదటి దెబ్బకే పోతుంది. అందుకే దాన్ని పోయేదిగానే లెక్కేసుకుని, వేడిని దాచుకోవడానికి షెల్టర్ లోపలే చల్లటి నీళ్ల ట్యాంకు పెట్టుకోవాలి. మామూలు రోజుల్లో చిల్లర్‌తో 7 డిగ్రీలకి చల్లబరిచి ఉంచు. అవసరం వచ్చినప్పుడు చిన్న పంపు, గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట (కాయిల్) ఒకటి, ఒక ఫ్యాన్. నీళ్లు 7 నుంచి 22కి వచ్చేదాకా లీటరుకి 17.5 వాట్-గంటలు మింగుతుంది. సగం భారం, 1.7 కిలోవాట్లు ట్యాంకు మోస్తే, మిగతాది గోడకి వదిలితే, రోజుకి 2,300 లీటర్లు. ఐస్ అయితే 350 కిలోలు చాలు, కానీ ఐస్ ట్యాంకు గొడవలు నీకు తెలిసినవే. ఎన్ని రోజులు కావాలో క్లయింట్‌ని రాతపూర్వకంగా చెప్పమను. ఆ అంకె లేకుండా ట్యాంకు సైజు లేదు.

జనరేటర్ ఆ గదిలో పెట్టొద్దు. వేరే గది, వేరే గాలి, వేరే పొగగొట్టం. కార్బన్ మోనాక్సైడ్‌ని ఏ బొగ్గు ఫిల్టరూ పట్టదు. బయట మంటలున్నా అదే కథ. 1943 జూలైలో హాంబర్గ్‌లో షెల్టర్లలో చాలామంది చనిపోయింది బాంబు తగిలి కాదు, ఆ గ్యాస్‌కీ వేడికీ. 1941 జూన్ 5న చోంగ్‌చింగ్‌లో జపాన్ బాంబుల నుంచి దాక్కోడానికి సొరంగంలో కిక్కిరిసినవాళ్లు వందల్లో ఊపిరాడక పోయారు. అందుకే బయటి గాలి దారి పూర్తిగా మూసి కూర్చునే టైం కూడా షీట్‌లో రాయి. మొదట చెప్పిన రెండున్నర గంటల లెక్కే, నీ గది ఘనపరిమాణంతో.

సైట్_సుబ్బారావు:

తాతగారి లెక్కకి దండం. నేను గల్ఫ్‌లో ఎంఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగ్) సైట్ పని చూస్తాను, ఒక్క మాట కలుపుతా. ఏసీ పైపులకి, డ్రెయిన్‌కి, కేబుల్‌కి స్లీవ్‌లు (గోడలో ముందే పెట్టే గొట్టాల దారులు) కాంక్రీటు పోయకముందే డ్రాయింగ్‌లో చూపించు. లేకపోతే నాకు జరిగిందే జరుగుతుంది.

ఇలాంటి గది ఒకటి అప్పగించే వారంలో ఏసీ కాంట్రాక్టర్ మనిషి వచ్చి కాంక్రీటు తొలిచే కోర్ మెషీన్‌తో 65 మిల్లీమీటర్ల బొక్క కొట్టేశాడు. పైపు పెట్టి చుట్టూ ఫోమ్ కొట్టి, పైన తెల్ల సిమెంటు పూసి, బ్రహ్మాండంగా ఉందన్నాడు. ప్రెషర్ టెస్ట్‌లో ఫ్యాన్ ఫుల్‌లో పెట్టినా మీటర్ 15 పాస్కల్ దాటదు. తలుపు రబ్బరు మార్చాం, వాల్వు తుడిచాం. రెండు రోజులు పోయాయి. చివరికి మా కడప కుర్రాడు రూమ్ నుంచి అగరుబత్తి తెచ్చి గోడ పొడుగునా పట్టుకుని నడిచాడు. ఆ ఫోమ్ దగ్గర పొగ సూదిలా గోడలోకి దూరిపోయింది. అప్పటి నుంచి నా బ్యాగ్‌లో అగరుబత్తి ప్యాకెట్ ఉంటుంది, దేవుడికి కాదు.

చిల్లర్_రాజు:

సరే తాతగారూ, సిలిండర్లు వెనక్కి తీసుకుంటున్నా. రెండు టన్నులూ వెనక్కే.

డక్ట్_కుర్రాడు:

మీటింగ్ అయింది. మొదట పది నిమిషాలు బాస్ ఒప్పుకోలేదు. "16కి బదులు 30 పెట్టి మీరే చూడండి" అని ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను. ఆయనే గోడ ఉష్ణోగ్రత మార్చారు, 34 వచ్చింది, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "క్లయింట్‌కి ఎన్ని రోజులు కావాలో మెయిల్ పెట్టు" అన్నారు. పెట్టాను. మూడు రోజులన్నారు. అంటే దాదాపు 7 వేల లీటర్లు. ఆర్కిటెక్ట్‌కి చెబితే ఏడుపు ఎమోజీ పంపాడు, గది ఒక మీటరు పెంచుతున్నాడు. స్లీవ్‌లు కూడా పెట్టించాను సుబ్బారావు అన్నా.

ఒక్క డౌట్ మిగిలింది. కాయిల్ దగ్గర కండెన్సేట్ (గాలి తేమ చల్లబడి కారే నీళ్లు) గంటకి రెండు లీటర్ల పైనే వస్తోంది. దీన్ని బయటి డ్రెయిన్‌లోకి కలపొచ్చా? యూ-ట్రాప్ (నీళ్లు నిలిచి గాలిని ఆపే వంపు గొట్టం) పెడితే సరిపోతుందా?

బాయి_తాత:

వద్దు. యూ-ట్రాప్‌లో నీళ్లు నాలుగు అంగుళాలుంటాయి, పేలుడు ఒత్తిడి వస్తే ఊదేసినట్టు పోతాయి. ఆ తర్వాత అదొక తెరిచిన కిటికీ. డ్రెయిన్ లోపలే ఆపెయ్. రోజుకి 50 లీటర్లు వస్తుంది, మూత ఉన్న 20 లీటర్ల క్యాన్లు మూడు పెట్టు, నిండితే మార్చుకుంటారు. ఆ నీళ్లు మరుగుదొడ్డికి వాడుకోమను. క్యాన్ల మీద ‘తాగవద్దు’ అని అరబిక్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ రాయించు. ఆ ఇంట్లో పనిచేసేవాళ్లలో మనవాళ్లుంటే తెలుగులో కూడా.